ప్రమోషన్ రిపోర్టు (ఏసీఆర్) ఎవరి చేతిలో ఉంటే విధేయత వాళ్ళకే: మూడు దళాల పోటీ, నాయకత్వం

విజయనగరం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతూ, సైన్యంలో ఆఫీసర్‌గా చేరడానికి రాసే సీడీఎస్ పరీక్షకు తయారవుతున్నాడు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మధ్య పోటీ ఉందంటారు, నిజమేనా? ఉంటే జనరల్స్, అడ్మిరల్స్ నాయకత్వాన్ని అది ఎంతవరకు దెబ్బతీస్తుంది? మూడు దళాలనీ కలిపి చూసే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి వచ్చాక తగ్గిందా? చివర్లో ఇంకో మాట కూడా అడిగాడు: అప్లికేషన్‌లో ఏ అకాడమీకి మొదటి ప్రిఫరెన్స్ ఇవ్వాలి అని.

మాది శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు దగ్గర పల్లె. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఆర్మీ సమాచార విభాగం సిగ్నల్స్‌లో పనిచేసి కల్నల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో కొంతకాలం మూడు దళాల వాళ్ళూ కలిసి పనిచేసే చోట ఉన్నాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పోటీ ఉంది తమ్ముడూ. అయితే బయటివాళ్ళు పోటీ అనుకునేది ఒకటి, అసలైనది ఇంకొకటి. ఉద్దానం పల్లెల్లో ఒకే ఇంట్లో అన్న ఆర్మీలో, తమ్ముడు నేవీలో ఉండటం మామూలే. సంక్రాంతికి ఇద్దరూ సెలవు మీద వస్తే ఎవరి డ్యూటీ కష్టమో, ఎవరి రేషన్ బాగుంటుందో రాత్రి దాకా వాదించుకుంటారు. మెస్సుల్లో ఆఫీసర్లు ఒకరినొకరు ఏడిపించుకోవడం కూడా ఆ బాపతే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం చేసే పోటీ ఫైళ్ళలో ఉంటుంది. బడ్జెట్‌లో ఎవరి వాటా ఎంత, ఏ విమానం ఎవరి కింద ఉండాలి, ఏ కమాండ్‌కి ఎవరు అధిపతి, ఇవీ అక్కడి తగాదాలు.

సముద్రం మీద గస్తీ తిరిగే పెద్ద విమానాల సంగతి చూడు. చాలాకాలం అవి ఎయిర్‌ఫోర్స్ దగ్గరే ఉండేవి. ఎగిరేదాన్ని నడపడం మా పని అని ఎయిర్‌ఫోర్స్, సముద్రాన్ని చూసే కన్ను మా చేతిలో ఉండాలని నేవీ. 1976లో సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు నేవీకి వచ్చాకే అది తేలింది. హెలికాప్టర్లదీ ఇదే వరస. 1986లో ఆర్మీ ఏవియేషన్ కోర్ ఏర్పడింది కానీ ఎంఐ-25 లాంటి దాడి హెలికాప్టర్లు ఎయిర్‌ఫోర్స్ కిందే ఉండిపోయాయి. ఆర్మీకంటూ సొంతంగా అపాచీ దాడి హెలికాప్టర్లు అందడం 2025 జులైలో గానీ మొదలవలేదు. ఇలాంటి తగాదాల్లో రెండు పక్షాలకీ న్యాయమైన వాదన ఉంటుంది. అందుకే అవి ఒక పట్టాన తెగవు.

ఇక నాయకత్వం సంగతి. ఒక ఆఫీసర్ పైకి వెళ్ళాలంటే ఏటా రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు, అదే ఏసీఆర్, బాగుండాలి. ఆ తర్వాత సెలక్షన్ బోర్డు దాటాలి. ఆ రిపోర్టు రాసేదీ, ఆ బోర్డులో కూర్చునేదీ దాదాపు ఎప్పుడూ సొంత దళం పెద్దలే. లెఫ్టినెంట్‌గా చేరినప్పటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా వాళ్ళ మెప్పు మీద బతికిన మనిషి, పై కుర్చీ ఎక్కిన మర్నాటి నుంచి మూడు దళాలనీ ఒకే కంటితో చూడాలంటే ఎలా కుదురుతుంది? పైగా దళాధిపతికి తన దళంలో లక్షల మంది నమ్మకం కావాలి. మన యుద్ధవిమానాల స్క్వాడ్రన్లు తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాడు అన్న మాట ఒకసారి పడ్డాక, ఆయన ఆజ్ఞని పాటిస్తారు గానీ మనసు ఇవ్వరు. ఆ భయం ప్రతి చీఫ్‌కీ ఉంటుంది, ఉండటం సహజం కూడా.

కాబట్టి నేను ఈ పోటీని మనుషుల అహంకారం కింద జమకట్టను. నేను చూసిన సీనియర్లలో అహంకారులు తక్కువ. ప్రమోషన్ ఎటు నుంచి వస్తుందో మనిషి ఆలోచన అటే తిరుగుతుంది. నాయకత్వం పాడైనా బాగుపడినా అక్కడే.

దగ్గర నుంచి చూసింది ఒకటి చెబుతాను. చోటు పేరు, యూనిట్ల పేర్లు చెప్పను. సముద్రతీరంలో ఉమ్మడి విన్యాసం. పడవల్లోంచి దిగిన జవాన్లు ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నారు. ఎదురుగా కంటికి కనిపించేంత దూరంలో ఓడ. ఒడ్డున ఉన్న కంపెనీ కమాండర్, కాల్పులు ఇంకాస్త కుడివైపుకి జరపమని ఆ ఓడకి చెప్పాలి. ఆయన రేడియో సెట్టు ఆర్మీది, దానిలో మాటని రహస్యంగా మార్చే పరికరమూ ఆర్మీదే. ఓడలో ఉన్నది నేవీ సెట్టు. రెండింటికీ పొత్తు కుదరదు. దాంతో మాట ఒడ్డు నుంచి బ్రిగేడ్‌కి, అక్కణ్ణుంచి టెలిఫోన్‌లో నేవీ ఆపరేషన్స్ గదికి, అక్కణ్ణుంచి ఓడకి వెళ్ళింది. జవాబు అదే దారిలో తిరిగి వచ్చేసరికి కంపెనీ ఆ చోటు వదిలి ముందుకి వెళ్ళిపోయింది. మధ్యలో ఓడ మీది సిగ్నల్‌మన్ దీపం వెలిగిస్తూ ఆర్పుతూ మోర్స్‌లో ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఆ కంపెనీలో దాన్ని చదవగలిగినవాడు లేడు.

విన్యాసం అయ్యాక సమీక్షలో ఒక నేవీ కమాండర్ లేచాడు. రెండు దళాలకీ ఒకే రకం సెట్లు ఉండాలి, దానికోసం నేవీ తన స్పెసిఫికేషన్‌లో కొంత వదులుకున్నా తప్పులేదు అన్నాడు. టీ విరామంలో అతని సీనియర్ అతన్ని పక్కకి పిలిచి, "నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?" అని అడగడం నేను విన్నాను. ఆర్మీ వైపు నుంచి అదే మాట అనాల్సిన ఆఫీసర్లు ఆ గదిలో ఇంకొందరున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళేమీ పిరికివాళ్ళు కారు, కాశ్మీర్‌లో తూటాల మధ్య నిలబడ్డవాళ్ళు. కానీ తమ ఏసీఆర్ ఎవరు రాస్తారో వాళ్ళకి తెలుసు.

ఇదే లోపం యుద్ధంలో ఏం చేస్తుందో 1971లో మన బంగాళాఖాతంలోనే కనిపించింది. ఆ యుద్ధం అనగానే మనవైపు అందరికీ విశాఖ ఎదుట మునిగిన ఘాజీ జలాంతర్గామి గుర్తుకొస్తుంది. కాక్స్ బజార్ సంగతి ఎవరూ చెప్పుకోరు. యుద్ధం ముగిసే రోజుల్లో పాకిస్తాన్ బలగాలు బర్మా వైపు తప్పించుకోకుండా అక్కడ మనవాళ్ళని దింపాలనుకున్నారు. హడావుడిగా గూర్ఖా జవాన్లని ఒక సరుకుల ఓడ ఎక్కించి పంపి, సముద్రం మీద ల్యాండింగ్ ఓడల్లోకి మార్చారు. వాళ్ళకి అలా తీరంలో దిగే శిక్షణ లేదు. ఓడ ముందు భాగం ఇసుక తిప్పకి తగిలి ఆగింది. తిప్ప దాటాక లోతు. దిగినవాళ్ళలో కొందరు ఆ నీళ్ళలో మునిగి చనిపోయారు. భావనపాడులో గానీ కళింగపట్నంలో గానీ వేటకి వెళ్ళే ఇంట్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు: తిప్ప తగిలింది కదా అని దూకకూడదు, దానికీ ఒడ్డుకీ మధ్య మనిషి లోతు నీళ్ళుంటాయి. ఆ ఆపరేషన్‌లో ఆర్మీ, నేవీ కొట్టుకోలేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగానే చేశారు. అంతకుముందు శాంతికాలంలో ఎవరి సాధన వాళ్ళు చేసుకోవడమే జరిగిన తప్పు. దాని ఖరీదు ఎవరు కట్టారో చూశావుగా. ఆ గూర్ఖా కుర్రాళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది.

అయినా మన ఉమ్మడి నాయకత్వానికి 1971నే మంచి ఉదాహరణగా చెబుతారు, అందులో న్యాయముంది. అప్పటి దళాధిపతులు మానెక్‌షా, అడ్మిరల్ నందా, ఎయిర్ చీఫ్ మార్షల్ లాల్ ముగ్గురికీ సిద్ధం కావడానికి నెలల సమయం దొరికింది, ప్రభుత్వం లక్ష్యం స్పష్టంగా చెప్పింది. 1965తో పోల్చి చూడు. అప్పుడు సెప్టెంబరు 1 సాయంత్రం జమ్మూ ప్రాంతంలోని ఛంబ్‌లో ఎయిర్‌ఫోర్స్‌ని హఠాత్తుగా రంగంలోకి దించితే, మన విమానాల బాంబులు కొన్ని మన జవాన్ల మీదే పడ్డాయి. వారం తిరక్కుండా పాకిస్తాన్ నౌకలు వచ్చి ద్వారక మీద గుళ్ళు కురిపించి వెళ్ళాయి, మన నేవీకి చాలావరకు ప్రేక్షక పాత్రే దక్కింది. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరుగుతున్న ఫొటో నువ్వు చూసే ఉంటావు. బల్ల దగ్గర కూర్చున్నది ఆర్మీ జనరల్ అరోరా. ఆయన వెనక నిలబడ్డవాళ్ళలో తెల్ల యూనిఫాంలో ఉన్నది వైస్ అడ్మిరల్ కృష్ణన్, విశాఖ నుంచి తూర్పు నౌకాదళాన్ని నడిపినాయన. పక్కనే ఎయిర్ మార్షల్ దివాన్.

కానీ ఆ కలయిక ఆ మనుషులది. వాళ్ళు వెళ్ళాక మిగలడానికి వ్యవస్థ అంటూ ఏమీ పెట్టలేదు. మనుషుల మధ్య స్నేహం ఉంటే చాలు అనేవాళ్ళకి నేను 1991 సంగతి చెబుతుంటాను. ఆ ఏడాది జనరల్ రోడ్రిగ్స్, అడ్మిరల్ రాందాస్, ఎయిర్ చీఫ్ మార్షల్ సూరి ఒకేసారి దళాధిపతులుగా ఉన్నారు. ముగ్గురూ నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) మొట్టమొదటి కోర్సు వాళ్ళు, కలిసి పరుగెత్తి కలిసి తిట్లు తిన్నవాళ్ళు. 2019 చివర్లో మళ్ళీ అలాగే జరిగింది: నరవణె, కరంబీర్ సింగ్, భదౌరియా ముగ్గురూ ఒకే కోర్సు. స్నేహం వల్ల ఫోన్ చేస్తే పని తొందరగా అవుతుంది, ఆ మేలు చిన్నది కాదు. అయినా 1991లో కమాండ్ల నిర్మాణం అంగుళం కూడా కదల్లేదు. కోర్స్‌మేట్ కోసం ఏ చీఫూ తన దళం వాటా వదులుకోడు, వదులుకునే అధికారం తనకుందనీ అనుకోడు.

పాత పద్ధతిలో ముగ్గురు చీఫ్‌లూ ఒక కమిటీగా కూర్చునేవారు. వాళ్ళలో ఎక్కువకాలంగా చీఫ్‌గా ఉన్నాయన దానికి చైర్మన్. 2019 ఒక్క ఏడాదిలోనే ఆ కుర్చీలో అడ్మిరల్ లాంబా, ఎయిర్ చీఫ్ మార్షల్ ధనోవా, జనరల్ రావత్ ముగ్గురు కూర్చున్నారు, ఎవరి దళం బాధ్యత వాళ్ళు మోస్తూనే. అలాంటి చైర్మన్ కష్టమైన నిర్ణయం ఏం తీసుకుంటాడు? ముగ్గురూ ఒప్పుకునేది మాత్రమే పైకి వెళ్తుంది, ముగ్గురూ ఒప్పుకునేది సాధారణంగా ఎవరికీ నొప్పి లేనిదే అయి ఉంటుంది.

కార్గిల్‌లో ఇది బయటపడింది. 1999 మే నెలలో ఆర్మీ సాయుధ హెలికాప్టర్లు అడిగింది. ఆ ఎత్తులో హెలికాప్టర్లు శత్రువుకి తేలిగ్గా దొరుకుతాయి, పైగా ఎయిర్‌ఫోర్స్‌ని దింపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి అన్నారు ఎయిర్ చీఫ్ మార్షల్ టిప్నిస్. ఆర్మీలో కొందరికి అది తప్పించుకోవడంలా కనిపించింది. ఆర్మీ అసలు పరిస్థితి పూర్తిగా చెప్పడం లేదని ఎయిర్‌ఫోర్స్‌లో అనుకున్నారు. మే 26న దాడులు మొదలయ్యాయి. 28న ఒక ఎంఐ-17 క్షిపణి తగిలి కూలి, అందులో ఉన్న నలుగురూ అమరులయ్యారు. దాంతో ఆ హెలికాప్టర్లని దాడి పని నుంచి తప్పించారు. తర్వాత టైగర్ హిల్ మీద మిరాజ్ యుద్ధవిమానాలు చేసిన పని అందరికీ తెలుసు. అప్పటి ఆర్మీ అధిపతి జనరల్ మాలిక్, టిప్నిస్ ఇద్దరూ రిటైరయ్యాక ఎవరి వాదన వాళ్ళు రాశారు. రెండూ చదివితే ఇద్దరూ దేశం కోసమే ఆలోచించారని అర్థమవుతుంది. వాళ్ళిద్దరి మధ్య తీర్పు చెప్పగల సైనికుడు ఆ రోజుల్లో ఒక్కడూ లేడన్నది కూడా అర్థమవుతుంది.

పోటీ హద్దు దాటితే ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి జపాన్ చాలు. అక్కడ ఆర్మీ, నేవీ మంత్రులుగా సర్వీసులో ఉన్న అధికారులే ఉండాలన్న నిబంధన 1936లో మళ్ళీ తెచ్చారు. అంటే ఏ దళమైనా తన మంత్రిని వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం పడిపోతుంది. 1940లో ప్రధానిగా ఉన్న అడ్మిరల్ యొనాయ్‌ని ఆర్మీ సరిగ్గా అలాగే దించేసింది. యుద్ధంలో జపాన్ ఆర్మీ తన సరుకులు మోసుకోవడానికి సొంత జలాంతర్గాములే కట్టుకుంది, నేవీని నమ్ముకోలేక. వీటన్నిటికంటే ఘోరం 1944 అక్టోబరులో జరిగింది. తైవాన్ దగ్గర గగన యుద్ధంలో అమెరికా విమానవాహక నౌకల్ని పదికి పైగా ముంచేశామని నేవీ ప్రకటించింది. నిజానికి ఒక్కటీ మునగలేదు. తన లెక్క తప్పని నేవీకి తొందరలోనే తెలిసింది, కానీ ఆర్మీకి చెప్పలేదు. శత్రు నౌకాదళం పని అయిపోయిందని నమ్మిన ఆర్మీ పెద్దలు ఫిలిప్పీన్స్ ప్రణాళిక మార్చేశారు. లూజాన్‌లో నిలబడి పోరాడాలనుకున్న జనరల్ యమషితా వద్దంటున్నా వినకుండా, సైన్యాన్ని లేటే దీవికి పంపమన్నారు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది బహు కొద్దిమంది. ఒక దళం పరువు పోతుందని దాచిన చిన్న నిజం అన్ని వేలమందిని మింగింది. నాయకుడు ఎంత సమర్థుడైనా పక్క దళం నుంచి వచ్చే సమాచారం అబద్ధమైతే అతని సామర్థ్యం దేనికి పనికొస్తుంది?

అమెరికా వాళ్ళూ తక్కువ తినలేదు. 1949లో కొత్త విమానవాహక నౌకని రద్దు చేసి డబ్బు ఎయిర్‌ఫోర్స్ బాంబర్లకి మళ్ళించారని అడ్మిరల్స్ బహిరంగంగా తిరగబడ్డారు. వాళ్ళకి మద్దతు పలికిన నేవీ అధిపతి డెన్‌ఫెల్డ్ పదవి పోయింది. 1980లో ఇరాన్‌లోని బందీల కోసం నాలుగు దళాలకీ (ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, మెరీన్లు) తలా ఒక ముక్క పంచి చేసిన ఆపరేషన్ ఎడారిలోనే విఫలమై 8 మంది చనిపోయారు. 1983లో గ్రెనడాలో మా హెలికాప్టర్లలో ఆర్మీ వాళ్ళని ఎక్కించబోమని ఒక మెరీన్ కల్నల్ అడ్డుచెప్పాడు, గట్టిగా ఆదేశిస్తే గానీ కదల్లేదు. రేడియోలు కలవకపోవడం అక్కడా ఉంది. ఇవన్నీ చూసి 1986లో గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం తెచ్చారు. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే నిబంధన ఒకటుంది: ఉమ్మడి పోస్టింగ్‌లో పనిచేయనివాడు జనరల్ గానీ అడ్మిరల్ గానీ కాలేడు. అంతకుముందు అలాంటి పోస్టింగ్ అంటే మూలకి తోసినట్టు. చట్టం వచ్చాక చురుకైనవాళ్ళే దానికోసం ఎగబడటం మొదలుపెట్టారు. దళాధిపతులు ఆ చట్టాన్ని చివరిదాకా వ్యతిరేకించారు. వాళ్ళ పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, బయటి నుంచి వేలు పెట్టకపోతే లోపలివాళ్ళు ఆ పని ఎప్పటికీ చేసుకునేవాళ్ళు కారు.

మన దగ్గర ఇప్పుడు ఏ దశలో ఉంది? చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) కావాలని మంత్రుల బృందం 2001లో చెప్పింది. జనరల్ రావత్ ఆ బాధ్యత తీసుకున్నది 2020 జనవరి 1న. అన్నట్టు, నువ్వు రాసే సీడీఎస్ పరీక్షకీ ఈ సీడీఎస్‌కీ సంబంధం లేదు. ఈ మధ్యలో పోయిన కాలానికి రాజకీయ నాయకులు, అధికారులు కూడా కారణమే, దళాలని మాత్రమే అనడం అన్యాయం. అండమాన్ నికోబార్ కమాండ్ 2001లోనే వచ్చింది. అయినా ఉమ్మడి కమాండర్ తన కింద పనిచేసే వేరే దళం మనిషి తప్పు చేస్తే శిక్షించలేకపోయేవాడు, తిరిగి సొంత దళానికి పంపాల్సి వచ్చేది. 2023లో చట్టం చేసి 2024 మే నుంచి అమలుచేశాక ఆ అధికారం వచ్చింది. పేపర్లలో పెద్దగా రాలేదు గానీ, నా దృష్టిలో ఇది పెద్ద మెట్టు. శిక్షించగలిగినవాడినీ రిపోర్టు రాయగలిగినవాడినీ మాత్రమే ఫౌజులో కమాండర్‌గా చూస్తారు.

థియేటర్ కమాండ్ల దగ్గర బండి ఆగింది. మన దేశంలో ఒక్కో దళానికి విడివిడిగా ఉన్న కమాండ్లు 17: ఆర్మీకి 7, ఎయిర్‌ఫోర్స్‌కి 7, నేవీకి 3. తూర్పునే తీసుకో. ఆర్మీ తూర్పు కమాండ్ కోల్‌కతాలో, ఎయిర్‌ఫోర్స్‌ది షిల్లాంగ్‌లో, నేవీది మన విశాఖలో. ఒకే దిక్కుకి ముగ్గురు కమాండర్లు, మూడు ఊళ్ళు. వీటిని కలిపి ఒక్కో సరిహద్దుకి ఒక్క కమాండర్ ఉండాలన్నది ఆలోచన. ఎయిర్‌ఫోర్స్ అభ్యంతరం ఏంటంటే, ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42, ఉన్నవి దాదాపు 30. వాటినీ ముక్కలు చేసి పంచితే అవసరమైన చోటికి ఒక్కసారిగా మళ్ళించలేం అని. నేను ఆర్మీవాణ్ణి, అయినా ఈ వాదనలో బలముందని అంటాను. 2021 జులైలో జనరల్ రావత్ ఎయిర్‌ఫోర్స్‌ని ఫిరంగి దళంతో పోల్చి సహాయక విభాగం అన్నప్పుడు, ఆ రోజే ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా కాదన్నారు. రావత్ గారి మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. కలుపుకోవాల్సినవాళ్ళని తక్కువ చేస్తే కలుపుకోవడం ఎలా? 2025 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని మౌలో జరిగిన సదస్సులో కూడా ఎయిర్‌ఫోర్స్ అధిపతి తొందరొద్దన్నారు, నేవీ అధిపతి కలయిక వైపు మాట్లాడారు. అలా బహిరంగంగా చెప్పుకోవడం నాకు మంచిగానే అనిపించింది, ఫైళ్ళ మధ్య నలగడం కంటే.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. పోటీని పూర్తిగా చంపేయాలనుకోవడం కూడా ప్రమాదమే. అమెరికా నేవీ తనకోసం తయారుచేసుకున్న ఫాంటమ్ విమానాన్ని, సైడ్‌వైండర్ క్షిపణిని ఎయిర్‌ఫోర్స్ తర్వాత తీసుకుని వాడుకుంది. రెండు దళాలు వేరువేరుగా ఆలోచించబట్టే అవి పుట్టాయి. ప్రధానమంత్రి ముందు సైనిక సలహా ఒకే గొంతుతో వస్తే, ఆ గొంతు పొరపడిన రోజు చెప్పేవాడుండడు. ఆలోచనలో పోటీ ఉండాలి, నిర్ణయం అయ్యాక ఆజ్ఞ ఒకరిదే ఉండాలి. ప్రమోషన్ ఆ రెండో దాన్ని మెచ్చుకునేలా ఉండాలి. థియేటర్ల గీతలు మ్యాపు మీద ఎక్కడ గీసినా, బ్రిగేడియర్ స్థాయి దాటాలంటే వేరే దళం ఆఫీసర్ కింద పనిచేసి ఆయన చేత మంచి ఏసీఆర్ రాయించుకుని ఉండాలి అని నిబంధన పెడితే, మిగతాది పదేళ్ళలో సర్దుకుంటుందని నా నమ్మకం.

ఇక నీ ప్రిఫరెన్స్ సంగతి. బీఎస్సీ అన్నావు. నేవల్ అకాడమీకి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి, కాబట్టి అది నీకు కుదరదు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉంటే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పెట్టుకోవచ్చు, కళ్ళ పరీక్షా పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్షా దాటాలి. ఆర్మీ ఆఫీసర్లని తయారుచేసే ఐఎంఏకి (ఇండియన్ మిలిటరీ అకాడమీ) ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మొదటి ఇద్దరు సీడీఎస్‌లూ ఆర్మీవాళ్ళే కదా అని దాన్ని చూసి నిర్ణయించుకోకు. ఎగరడం అంటే నిజంగా పిచ్చి ఉంటే ఎయిర్‌ఫోర్స్ ముందు పెట్టు, లేకపోతే ఐఎంఏ. చేరాక ఎప్పుడైనా ఉమ్మడి పోస్టింగ్ వస్తే మాత్రం సీనియర్లు భయపెట్టినా వదులుకోకు. పక్క దళం మెస్‌లో భోజనం చెయ్యి, వాళ్ళ ఓడ ఎక్కు, వాళ్ళ సెట్టు ఎలా పనిచేస్తుందో అడిగి నేర్చుకో. రాత పరీక్ష తర్వాత ఉండే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ గురించి అడగాలంటే వేరేగా అడుగు, తెలిసింది చెబుతాను.